ఏమి వడ్డిస్తారో చెప్పని విందుకు వెళ్ళవచ్చా? నేను వెళ్ళిన ఒక విందు అనుభవం

ప్రయోగాలు చేసే ఒక రెస్టారెంటు నుంచి మీకు ఆహ్వానం అందిందనీ, ఏమి వడ్డిస్తారో వారు చెప్పడం లేదనీ, వెళ్ళడం మంచిదేనా అనీ అడిగారు. మూడేళ్ళ క్రితం హైదరాబాదులో నేను అటువంటి విందుకే వెళ్ళాను కనుక, అక్కడ జరిగినదాన్ని బట్టి సమాధానం చెబుతాను.

నన్ను పిలిపించింది ఒక పాత సహోద్యోగి. పన్నెండు మందికే పరిమితమైన ఆ విందు చిరునామాను ఆ రోజు మధ్యాహ్నం ఫోనుకు పంపారు, వంటకాల సంగతి మాత్రం చివరిదాకా చెప్పలేదు. అయితే వారం ముందే నిర్వాహకులు ఫోను చేసి, శాకాహారమా మాంసాహారమా, వేరుశనగ, పాలు, రొయ్యలు వంటివి ఏవైనా ఒంటికి పడవా, ఉల్లి వెల్లుల్లి తింటారా అని ఓపికగా అడిగి రాసుకున్నారు. మీరు ముందుగా చూడవలసినది ఇదే. రుచిని గుట్టుగా ఉంచితే ముచ్చటే గానీ, ఒంటికి పడని పదార్థాన్నీ, ఆహార నియమాన్నీ గుట్టులో పెట్టే హక్కు ఏ వంటవాడికీ లేదు. మిమ్మల్ని ఇప్పటివరకు ఎవరూ అడగకపోతే మీరే ఫోను చేయండి, అప్పటికీ మాట దాటవేస్తే వెళ్ళకండి.

అది పూర్తి చీకటిలో తినవలసిన భోజనమని గుమ్మం దగ్గర నిలబడ్డాకే మాకు తెలిసింది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. జూరిచ్‌లో బ్లిండెకూ అనే చీకటి భోజనశాల 1999లోనూ, పారిస్‌లో దాన్ ల న్వార్ అనేది 2004లోనూ మొదలయ్యాయి, మన హైదరాబాదులోనూ ఇనార్బిట్ మాల్‌లో ‘డైలాగ్ ఇన్ ది డార్క్’ వారు ఇటువంటి భోజనశాలను నడిపారు. ఇటువంటి చోట్ల అతిథులను నడిపించేదీ, వడ్డించేదీ చూపు లేనివారే. మా దగ్గర ఫోన్లూ, వెలుగు చిమ్మే గడియారాలూ తీసుకొని, ముందున్నవారి భుజం మీద చేయి వేయించి, వరుసగా లోపలికి తీసుకువెళ్ళిన యువకుడికి కూడా చూపు లేదు.

కూర్చోబెట్టాక అతను కంచాన్ని గడియారంతో పోల్చి చెప్పాడు: పన్నెండు దగ్గర అన్నం, మూడు దగ్గర పప్పు, ఆరు దగ్గర పచ్చడి, తొమ్మిది దగ్గర కూర. గ్లాసు అంచు లోపల వేలు పెట్టుకొని నీళ్ళు పోసుకోమన్నాడు, వేలికి నీరు తగలగానే ఆపాలి. చెంచాలు పెట్టారు గానీ, రెండు నిమిషాల్లో అందరమూ వాటిని పక్కన పెట్టేశాము. చేత్తో కలుపుకొని తినే అలవాటు ఎంత గొప్పదో నాకు అక్కడే తెలిసింది. నాలుకకంటే ముందే వేళ్ళు ఇది ముద్దపప్పు, ఇది పులుసు అని పోల్చుకున్నాయి. గోంగూర పచ్చడిని మాత్రం వాసనే పట్టించింది.

కూర దగ్గర అందరమూ తడబడ్డాము. పీచులుగా విడిపోతూ మసాలా పట్టిన ఆ ముక్కను నేను మాంసమే అనుకున్నాను. పక్కనున్న పెద్దావిడ శాకాహారి, ఆవిడ చేయి ఆగిపోయింది. “బాబూ, ఇది మాంసమా?” అని భయంగా అడిగారు. “కాదమ్మా, పనసకాయ. ఈ రోజు అందరికీ శాకాహారమే వండాము” అని అతను వెంటనే చెప్పాడు. గుట్టు బయటపడుతుందని సందేహించకుండా సమాధానం చెప్పడం వల్లనే ఆ విందు మీద నాకు గౌరవం కలిగింది. కంటికి కనిపించేది రుచిని ఎంతగా నడిపిస్తుందో తరువాత చదివి తెలుసుకున్నాను. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వారు దాని వాసనను ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు.

ఇక మరో రెండు విషయాలు. ఒంటరిగా వెళ్ళినా ఇబ్బంది ఉండదు, చీకటిలో కొత్తవారితో మాటలు త్వరగా కలుస్తాయి. చీకటిగా, మూసినట్టుగా ఉండే చోటు మీకు భయమైతే, మధ్యలో బయటికి తీసుకువస్తారా అని ముందే అడగండి. మేము వెళ్ళిన రోజు ఒకాయనకు ఊపిరాడనట్టు అనిపిస్తే ఆ యువకుడే చేయి పట్టుకొని వెలుతురులోకి తీసుకువెళ్ళి, మంచినీళ్ళిచ్చి, కుదుటపడ్డాక మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టాడు.

చివరలో నేను అన్నం కొంత వదిలేసి ఊరకే కూర్చున్నాను. “కూర ఇంకొంచెం వేయమంటారా అండీ, అన్నం మిగిలిపోయింది కదా” అన్నాడు అతను. ఎలా తెలిసిందని అడిగితే, నా కంచం మీద వేళ్ళ చప్పుడు ముందుగానే ఆగిపోయిందని చెప్పాడు.