ఇంగ్లండ్‌లో పిల్లల్ని ఊరి బ్రాస్ బ్యాండ్‌లో చేర్చితే ఏడాది పొడవునా ఎలా ఉంటుంది?

హడర్స్‌ఫీల్డ్ వైపు కొత్తగా వచ్చామని, పదేళ్ళ పాపకు స్కూల్లో కార్నెట్ (చిన్న ట్రంపెట్ లాంటిది) నేర్పుతున్నారని, ఊరి బ్రాస్ బ్యాండ్ (ఇత్తడి వాయిద్యాల బృందం) వాళ్ళు తమ దగ్గరికి పంపమంటున్నారని రాశారు. ఏడాదిలో ఎంత టైమ్ పోతుంది, చదువుకు ఇబ్బందా, ఇదేమైనా చర్చి వ్యవహారమా అని మీ సందేహం. నేనూ వెస్ట్ యార్క్‌షైర్‌లోనే ఉంటాను, ఒక ఊరి బ్యాండ్‌లో టెనర్ హార్న్ అనే ఇత్తడి వాయిద్యం వాయిస్తాను. మా అబ్బాయిని లెర్నర్స్ గ్రూప్‌లో దింపి గంటసేపు కారులో కూర్చునే బదులు నేనూ నేర్చుకుందామని మొదలుపెట్టాను. వాడు యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు, నేను మాత్రం వదల్లేదు.

నిశ్చింతగా చేర్చండి. కాకపోతే దీన్ని మిగతా క్లాసులతో కలిపి లెక్కేయకండి. కీబోర్డు క్లాసుకో, స్విమ్మింగ్‌కో ఒక వారం వెళ్ళకపోతే పోయేది మన ఫీజే. బ్యాండ్‌లో పిల్లకి ఒక కుర్చీ ఇచ్చారంటే, ఆ కుర్చీ ఖాళీగా ఉన్న రోజున అందరి పాటా కుంటుపడుతుంది.

ఎందుకంటే ఈ బ్యాండ్ కూర్పే అలాంటిది. పాతిక మందికి పైగా ఉంటారు. కార్నెట్లు, ఫ్లూగల్‌హార్న్, టెనర్ హార్న్లు, బారిటోన్లు, యూఫోనియంలు, ట్రాంబోన్లు, ఇక్కడివాళ్ళు బేస్ అని పిలిచే ట్యూబాలు, వెనక డ్రమ్స్. క్లారినెట్ ఉండదు. మన ఊళ్ళ బ్యాండు మేళాల్లో పాట ఎత్తుకునేది ఎక్కువగా క్లారినెట్టే కాబట్టి మొదటిసారి విన్నప్పుడు మీకు కొంచెం వెలితిగా అనిపించొచ్చు. చాలా కుర్చీలకు ఎవరి పార్టు (పాటలో వాయించాల్సిన వంతు) వాళ్ళకే ఉంటుంది. ఉదాహరణకి సెకండ్ హార్న్, అంటే రెండో టెనర్ హార్న్ తీసుకోండి. మార్చ్ వాయిస్తుంటే ఆ మనిషికి చాలాసేపు రాగమే ఉండదు. బేస్ వాళ్ళు ‘ఉమ్’ అన్న ప్రతిసారీ వెనకే ‘పా’ అనాలి, అంతే. పక్కన కూర్చుని వినేవాళ్ళకి బోరు కొట్టే పార్టు. కానీ ఒక మంగళవారం ఆ మనిషికి జ్వరమొచ్చి రాకపోతే మార్చ్ మొత్తం బోలుగా వినిపిస్తుంది, అందరూ ఆ కుర్చీ వైపే చూస్తారు.

పిల్లలకు ఇంకో సౌకర్యం ఉంది. బేస్ ట్రాంబోన్, డ్రమ్స్ తప్ప మిగతా అన్నిటికీ నోట్స్ ట్రెబుల్ క్లెఫ్ అనే ఒకే రాత పద్ధతిలో రాస్తారు. వాల్వులున్న వాయిద్యాలన్నిటికీ వేళ్ళు పెట్టే పద్ధతి ఒకటే. కార్నెట్ నేర్చిన పిల్ల రేపు హార్న్‌కో, బారిటోన్‌కో మారాలంటే మళ్ళీ అఆల నుంచి మొదలుపెట్టక్కర్లేదు. మిల్లుల్లో, గనుల్లో పనిచేసేవాళ్ళు పని దిగాక వాయించుకున్న బ్యాండ్లివి. ఒకరు పోతే ఇంకొకరు వెంటనే సర్దుకోవాలంటే ఈ పద్ధతే కలిసొస్తుంది. మీకు దగ్గర్లోనే ఉన్న క్వీన్స్‌బరీలో జాన్ ఫాస్టర్ మిల్లు ఆసరాతో 1855లో నిలదొక్కుకున్నదే బ్లాక్ డైక్ బ్యాండ్. గ్రైమ్‌తోర్ప్‌లో బొగ్గు గని 1993లో మూతపడింది, అక్కడి బ్యాండ్ ఇవాళ్టికీ వాయిస్తోంది.

ఇక ఏడాది సంగతి. జనవరి మొదలయ్యేసరికి స్టాండ్ మీద టెస్ట్ పీస్, అంటే పోటీలో వాయించాల్సిన సంగీతం ఉంటుంది. బ్యాండ్లను ఛాంపియన్‌షిప్ నుంచి ఫోర్త్ సెక్షన్ దాకా ఐదు అంచెలుగా విడగొట్టి, ఒక్కో అంచెకు ఒకే పీస్ ఇస్తారు. యార్క్‌షైర్ పోటీ మార్చి ప్రాంతంలో హడర్స్‌ఫీల్డ్ టౌన్ హాల్లో జరుగుతుంది. అప్పటిదాకా వారానికి రెండు రిహార్సల్స్, దగ్గరపడేకొద్దీ ఆదివారాలు కూడా. ఎనిమిది బార్ల (తాళం ఆవర్తాల్లాంటివి) ముక్కను గంటసేపు అరగదీస్తారు. పోటీ రోజున జడ్జీలు నాలుగు వైపులా మూసిన డేరాలో కూర్చుంటారు. ఏ బ్యాండ్ ఎప్పుడు వాయించాలో చీటీ తీస్తారు కాబట్టి వాయించేదెవరో లోపలివాళ్ళకు తెలియదు, చెవికి వినబడిందే వాళ్ళకు ఆధారం. స్టేజి మీద కూర్చుని డేరా వైపు చూస్తున్నప్పుడు ఉండే టెన్షన్ ఏ ఆఫీసు ప్రెజెంటేషన్‌కీ నాకు రాలేదు. మీ పాపకు ఇది ఇప్పట్లో లేదు. లెర్నర్స్ గ్రూప్, తరవాత జూనియర్ బ్యాండ్, ఆ పైనే ఇది.

పిల్లలకు అసలు పండగ విట్ ఫ్రైడే. ఈస్టర్ అయిన ఏడు వారాలకు విట్ సండే వస్తుంది, ఆ తరవాతి శుక్రవారం అన్నమాట. మాంచెస్టర్ వైపున్న శాడిల్‌వర్త్, టేమ్‌సైడ్ ప్రాంతాల ఊళ్ళలో ఆ సాయంత్రం ఊరూరా విడివిడిగా పోటీలు పెడతారు. ఒక బస్సు మాట్లాడుకుని డెల్ఫ్, అప్పర్‌మిల్, డాబ్‌క్రాస్ ఇలా ఎన్ని ఊళ్ళు అందుకోగలిగితే అన్ని తిరుగుతారు. దిగడం, వరస కట్టడం, ఒక మార్చ్ వాయిస్తూ వీధి వెంట నడవడం, నిర్ణయించిన చోట ఆగి పోటీ మార్చ్ వాయించడం, మళ్ళీ బస్సుకు పరుగు. జడ్జి కనబడకుండా ఏ కారవాన్‌లోనో, మేడ మీద కర్టెన్ వేసిన గదిలోనో ఉంటాడు. డాబ్‌క్రాస్‌లో సందులు బాగా ఇరుకు, రెండు వైపులా రాతి ఇళ్ళు. పెద్ద బేస్ పది కిలోల దాకా తూగుతుంది, దాన్ని భుజాన మోస్తూ ఎగుడుదిగుడు రోడ్డు మీద అడుగు తప్పకుండా, ఊపిరి చాలేలా వాయించాలి. గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దంలో పక్కవాడి పార్టు కూడా మనకు తెలిసిపోతుంది. మన ముందు వెళ్ళింది దేశంలోనే పేరున్న బ్యాండ్ కావచ్చు, మన వెనక వచ్చేది పన్నెండేళ్ళ పిల్లల బ్యాండ్ కావచ్చు. జనం ఇద్దరికీ ఒకేలా చప్పట్లు కొడతారు. మీరు ఏ బ్యాండ్‌లోనూ చేరకపోయినా సరే, ఆ సాయంత్రం పాపను తీసుకుని డెల్ఫ్ వెళ్ళి రండి.

వేసవిలో పార్కుల్లో బ్యాండ్‌స్టాండ్ల మీద, ‘గాలా’ అనే ఊరి వేడుకల్లో వాయిస్తాం. గాలికి కాగితాలు ఎగిరిపోకుండా బట్టల క్లిప్పులు డజను సంచిలో వేసి పంపండి. ఆగస్టులో కొన్ని వారాలు సెలవు. సెప్టెంబరులో కొత్త పిల్లలు వస్తారు, కొన్ని కుర్చీలు మారతాయి.

నవంబరు రెండో ఆదివారం యుద్ధ స్మారకం దగ్గర వాయించాలి. పదకొండింటికి రెండు నిమిషాల మౌనం, దానికి ముందు ఒక్క కార్నెట్ లేదా బ్యూగిల్ మీద ‘లాస్ట్ పోస్ట్’ అనే సైనిక నివాళి బాణీ. రెండు ప్రపంచ యుద్ధాల్లో మన దేశం నుంచీ లక్షల మంది వెళ్ళారు. అందుకే ఆ ఉదయం అక్కడ నిలబడటం నాకూ సొంత పనిలాగే అనిపిస్తుంది.

ఇక డిసెంబరు. మనవాళ్ళు చాలామంది పిల్లల స్కూలు సెలవులు చూసుకుని ఇండియా టికెట్లు కొనేది అప్పుడే, బ్యాండ్‌కు ఊపిరాడని నెలా అదే. సూపర్‌మార్కెట్ల ముందు, చౌరస్తాల్లో, వృద్ధాశ్రమాల్లో క్యారల్స్ ఉంటాయి. బ్యాండ్ రూమ్ అద్దె, రిపేర్లు, నోట్స్ ఖర్చులో పెద్ద భాగం అప్పుడు విరాళాలకు పట్టే బకెట్లలో పడే చిల్లర నుంచే వస్తుంది. చలికి వాల్వులు బిగుసుకుంటాయి, శ్రుతి దిగిపోతుంది. పాపకు వేళ్ళ కొసలు తెరిచి ఉండే గ్లవ్స్ కొనండి, వాయించని టైమ్‌లో మౌత్‌పీస్ కోటు జేబులో పెట్టుకోమనండి. ఇండియా వెళ్ళాలనుకుంటే మానుకోమని అనను, అమ్మమ్మ తాతయ్యల కంటే క్యారల్స్ ఎక్కువ కాదు. సెప్టెంబరులోనే తేదీలు చెప్పేయండి, వాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు. టికెట్లు కొని డిసెంబరు మొదటి వారంలో చెప్తేనే వాళ్ళకి కష్టం.

చర్చి సంగతి. సాల్వేషన్ ఆర్మీ బ్యాండ్లయితే చర్చివే. మామూలు ఊరి బ్యాండ్‌కు మతంతో పని లేదు, మా దాంట్లో అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు. రిహార్సల్ మొదట్లో హిమ్ (చర్చి కీర్తన) వాయిస్తారు, నిజమే. నెమ్మదిగా నాలుగు స్వరాలు కలిసి నడిచే పాట కాబట్టి నాదం నిలవడానికి, పక్కవాళ్ళని వినడానికి దానికి మించిన సాధన లేదు. మీరు శాకాహారులైతే మాత్రం ‘పై అండ్ పీస్’ (మాంసం పై, బఠాణీలు) భోజనాల ముందు చెప్పండి, చీజ్ అండ్ ఆనియన్ పై తెప్పిస్తారు.

వాయిద్యం కొనకండి. చాలా బ్యాండ్లు తమదే వాడుకోమని ఇస్తాయి, యూనిఫారం కోటు కూడా. నెలకో వారానికో కొద్దిపాటి చందా ఉంటుంది. చదువు విషయంలో, లెర్నర్స్‌కు వారానికి ఒక్క సాయంత్రమే, ఇంట్లో రోజూ పావుగంట సాధన చాలు. పెద్ద క్లాసుల పిల్లలు పరీక్షల ముందు కొన్ని వారాలు ఆగితే ఎవరూ ఏమీ అనరు.

రెండు మూడు బ్యాండ్లు అందుబాటులో ఉంటే గెలిచిన కప్పులు చూసి ఎంచుకోకండి. ఒక రిహార్సల్‌కి వెళ్ళి వెనక వరసలో కూర్చున్న పిల్లలతో పెద్దవాళ్ళు ఎలా మాట్లాడుతున్నారో చూడండి. తప్పు వాయించిన పిల్లకు పక్కనున్న డెబ్భై ఏళ్ళాయన పెన్సిల్‌తో నోట్ మీద గుర్తు పెట్టి చూపిస్తుంటే అదే మీ బ్యాండ్. అలాగే పెద్దవాళ్ళకి కూడా నేర్పుతారా అని అడగండి. హార్న్, బేస్ వాయించేవాళ్ళ కొరత చాలా చోట్ల ఉంది, మిమ్మల్నీ రమ్మనే అవకాశం ఎక్కువ.