సంక్రాంతికి కాడ, ఉగాదికి పూలు

ప్రశ్న: పోయినేడు మా గృహప్రవేశానికి ఆడపడుచు తెల్లపూల ఆర్కిడ్ కుండీ తెచ్చింది. రెండున్నర నెలలు పూలు వాడలేదు. అవి రాలి ఏడాదైంది. ఆకులు ముదురుపచ్చగా నిగనిగలాడుతున్నాయి గానీ ఒక్క మొగ్గ లేదు. రోజూ నీళ్లు పోస్తున్నాను. షాపతను ఇచ్చిన పూలమందు కూడా మూడుసార్లు వేశాను. మా అత్తగారు "ఆకుల కోసం కుండీ ఎందుకు, పారెయ్" అంటున్నారు. ఏం చేయమంటారు మేడమ్?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అత్తగారిని ఒక్క చలికాలం ఓపిక పట్టమనండమ్మా. రోజూ నీళ్లు పోసినా ఏడాది బతికిందంటే మీ మొక్క గట్టిదే. నాది బతకలేదు.

నేను ముప్పై ఏళ్లు కాలేజీలో బాటనీ చెప్పాను. ఆర్కిడ్ వేరు మీద అయిదు మార్కుల ప్రశ్న ఎన్నిసార్లు ఇచ్చానో లెక్కలేదు. రిటైరైన రోజు పిల్లలు ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ మొక్క ఇస్తే, ఇంటికి తెచ్చి ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి గులాబీని నాటినట్టు నాటాను. పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్లు. నలభై రోజులకు ఆకు పట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. పాఠం చెప్పడం వేరు, చెయ్యడం వేరు.

మీదీ ఫెలనాప్సిసే. గ్రీకులో దీపప్పురుగులాంటిదని అర్థం. 1825లో బ్లూమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు. అడవిలో ఇది నేల మీద పెరగదు, చెట్టుకొమ్మని పట్టుకుని ఉంటుంది. వేరు చుట్టూ స్పాంజిలాంటి తెల్లటి పొర ఉంటుంది. వాన పడగానే అది నీళ్లు పీల్చుకుని ఆకుపచ్చగా అవుతుంది, గాలికి ఆరితే వెండిరంగుకి వస్తుంది. మీకు కావలసిన కొలత ఇదే. వేర్లు వెండిరంగుకి తిరిగాకే నీళ్లు. వేసవిలో వారానికి రెండుసార్లు కావచ్చు, చలికాలంలో ఎనిమిది రోజులైనా అక్కర్లేకపోవచ్చు. క్యాలెండరు చూసి పోయకండి, వేరుని చూసి పోయండి.

మీది పైన పింగాణీ, లోపల ప్లాస్టిక్ కుండీ అయితే, ముందు లోపలిదాన్ని బయటికి తీయండి. పింగాణీదానికి అడుగున చిల్లు ఉండదు కాబట్టి రెండు వేళ్ల ఎత్తు నీళ్లు నిలిచి ఉంటాయి, చూసుకోండి. వేర్లని వేలితో నొక్కండి. గట్టిగా ఉన్నవి మంచివి. మెత్తగా, గోధుమరంగులో, లోపలి దారం తప్ప తొక్క ఊడిపోయేవి కుళ్లినవి. వాటిని శుభ్రమైన కత్తెరతో తీసేయండి. నాచు మెత్తలాగా కూరి ఉంటే అదీ తీసేసి, కట్టెబొగ్గు ముక్కలు, నాలుగైదు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టిన కొబ్బరిడొక్కల ముక్కలు కలిపి నింపండి. తర్వాత నీళ్లు పెట్టాల్సినప్పుడల్లా బకెట్లో పదిహేను నిమిషాలు ఉంచి, పైకి తీసి పూర్తిగా కారనివ్వండి. ఆకుల నడిమి గుంటలో నీళ్లు నిలిస్తే కాగితంతో అద్దేయండి, కుళ్లు అక్కడే మొదలవుతుంది.

బోరునీళ్లయితే కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. నేను వాననీళ్లు డ్రమ్ములో పట్టుకుంటాను. అవి అయిపోతే ఫిల్టరు నీళ్లు. ఫిల్టరు పక్క గొట్టంలోంచి వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

ఇక పూల సంగతి. మీరు నిగనిగలాడే ముదురుపచ్చ ఆకుని చూసి మురిసిపోతున్నారు. అది వెలుతురు చాలక వచ్చిన రంగు. ఈ మొక్క ఆకు పచ్చిజామకాయ రంగులో ఉండాలి. తూర్పు కిటికీ దగ్గర పెట్టండి, ఎనిమిదింటి దాకా ఎండ తగిలినా ఫరవాలేదు. ఆకు ఎర్రబారితే ఒక అడుగు వెనక్కి జరపండి.

వెలుతురు కుదిరాక కావలసింది చలి. పగలు 28 డిగ్రీలు దాటుతున్నంతకాలం ఫెలనాప్సిస్ ఆకులు వేస్తుంది, వేర్లు వేస్తుంది, పూలకాడ మాత్రం వేయదు. పగలు 25 దగ్గర, రాత్రి 18 దగ్గర, వరసగా నాలుగు నుంచి ఆరు వారాలు దొరికితే ఆకు మొదట్లోంచి కాడ పొడుచుకొస్తుంది. మా హైదరాబాదులో ఇది తేలిక. డిసెంబరు మొదట్లో కుండీని తూర్పు బాల్కనీలో నీడపట్టున పెడతాను. మరీ చలేసిన రాత్రుళ్లు, అంటే 13కి దిగేట్టుంటే, లోపలికి తెస్తాను. ముగ్గుల రోజులు అయ్యేసరికి కాడ కనిపిస్తుంది. అక్కణ్నుంచి మొగ్గ విచ్చడానికి రెండు మూడు నెలలు, అంటే ఉగాది. మీ విజయవాడలో చలి తక్కువ రోజులుంటుంది కాబట్టి డిసెంబరు మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా ఒక్కరోజూ వృథా చేయకుండా ఇంట్లో అన్నిటికన్నా చల్లటి, వెలుతురున్న చోట పెట్టండి. వంటింటి గోడకీ ఫ్రిజ్ పక్కకీ పోనివ్వకండి. ఒక్కోసారి ఆ ఏడు చలి చాలక కాడ రాదు, అది మీ తప్పు కాదు.

కొత్తగా వచ్చింది కాడో వేరో తెలియక చాలామంది టెన్షన్ పడతారు. వేరు కొన నున్నగా గుండ్రంగా ఉండి కిందికి పోతుంది. కాడ కొన చిలకముక్కులా కొంచెం వంగి వెలుతురు వైపు లేస్తుంది. కాడ వచ్చాక కుండీని తిప్పకండి, గదులు మార్చకండి.

పూలమందు డబ్బులు ఆదా చేసుకోండి. చలి చేసే పని సీసా చేయదు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19:19:19 ఎరువు లీటరుకి అర గ్రాము కలిపి మూడు వారాలు, నాలుగో వారం ఉత్త నీళ్లు. అంతే.

ఇంకొకటి మర్చిపోయాను. రెండేళ్ల కిందట పదకొండు పూలతో ఉన్న కుండీని హాల్లో పెట్టి, పక్కనే గడ్డిలో బంగినపల్లి కాయలు మాగేశాను. కాయలు పండాయి, పూలన్నీ మూడు రోజుల్లో వేలాడిపోయాయి. మాగే పండు వదిలే ఎథిలీన్ వాయువు ఆర్కిడ్ పూలకి విషం. ఇదీ నేను క్లాసులో చెప్పిందే!

ప్రశ్న: కడియంలో ఊదాపూల డెండ్రోబియం ఆర్కిడ్ కొన్నాను. రెండు కొమ్మలు ఆకులు రాలి కర్రల్లా ఉన్నాయి. కోసేయనా?
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: కోయకండి బాబూ. అవి ఎండిన కర్రలు కావు, నీళ్లూ ఆహారమూ దాచుకున్న గాదెలు. కొత్త పిలకని పోషించేది అవే, ఒక్కోసారి వాటి కొసనుంచే మళ్లీ పూలగుత్తి వస్తుంది. ముడతలు పడి పసుపుగా, లోపల బోలుగా అయితేనే తీసేయండి. ఈ రకానికి పైన చెప్పిన చలి గొడవ లేదు. ఎండ కావాలి. సగం నీడనిచ్చే గ్రీన్ నెట్ కింద, గాలాడే చోట వేలాడదీయండి. మీ గోదావరి ఉక్కపోత దీనికి పుట్టింటి వాతావరణం. నిజం చెప్పాలంటే కోస్తాలో మొదటిసారి ఆర్కిడ్ పెంచేవాళ్లు దీంతోనే మొదలెట్టాలి. కుండీ చిన్నదే మంచిది. ఇటుకముక్కలూ బొగ్గూ చాలు.

ప్రశ్న: మా మామిడితోటలో ఒక చెట్టు మీద పట్టీల్లాంటి ఆకులతో మొక్క ఉంది. వేసవిలో గోధుమరంగు గళ్ల పూలు, మంచి వాసన. నాన్నగారు బదనిక, పీకేయాలంటున్నారు. నాకు ఇంటికి తెచ్చి పెంచాలనుంది.
– శృంగవరపుకోట నుంచి ఒక టీచర్

జవాబు: రెండూ వద్దు. నాన్నగారిది సహజమైన అనుమానం, మన పల్లెల్లో చెట్టు మీద మొలిచినవాటిని చాలామంది బదనికనే అంటారు. అసలు బదనిక కొమ్మలోకి వేరు దించి చెట్టు రసం తాగుతుంది. మీరు రాసింది వాండా టెసలేటా అనే ఆర్కిడ్ అయి ఉంటుంది. ఇది చెట్టుని పట్టుకుంటుందంతే, తాగేది వాననీ మంచునీ. వేరు బెరడు పైపైనే పాకిందో లేదో నాన్నగారికి చూపించండి, ఒప్పుకుంటారు.

మీకు దగ్గర్లోని కథే ఒకటి. 1780లలో సామర్లకోటలో తోట పెంచిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ దొర, ఈ తీరపు మొక్కల మీద 1795లో అచ్చవడం మొదలైన పుస్తకంలో దీని వివరం రాశాడు. టెసలేటా అంటే గళ్లగళ్లదని.

పెరికితే వేర్లు తెగుతాయి, మళ్లీ పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. దాని గింజ దుమ్ములా ఉంటుంది, తోడుగా ఒక బూజు దొరికితే తప్ప మొలవదు. అలాంటిది ఒకటి మీ చెట్టుకి దక్కింది, అక్కడే ఉండనివ్వండి. ఎప్పుడైనా గాలివానకి కొమ్మ విరిగిపడితే, మొక్కని కొమ్మతో సహా తెచ్చి మరో చెట్టుకి కొబ్బరితాడుతో కట్టండి.

ప్రశ్న: ఆంటీ, ఇక్కడ స్టోర్‌లో కొన్న ఆర్కిడ్‌కి వారానికి మూడు ఐసుముక్కలు వేయమని చీటీ ఉంది. వేయొచ్చా? పూలు రాలాయి, కాడ ఇంకా పచ్చగా ఉంది.
– న్యూజెర్సీలో చదువుకుంటున్న ఒక అమ్మాయి

జవాబు: నాకూ మొదట నవ్వొచ్చింది తల్లీ. కానీ 2017లో ఒహాయో, జార్జియా విశ్వవిద్యాలయాల వాళ్లు ఫెలనాప్సిస్ మీద పరీక్షించి, బెరడు నింపిన కుండీల్లో ఐసు వల్ల వేర్లకి హాని లేదని తేల్చారు. పొదుపుగా నీళ్లు పెట్టడానికి అదో ఉపాయం. ఆకుల మీద, నడిగుంటలో మాత్రం పెట్టకు. నన్నడిగితే సింకులో తడిపి వడగట్టడమే మేలు.

మొక్క బలంగా ఉంటే కాడని కిందనుంచి రెండో కణుపు పైన కోయి, పక్కకొమ్మ వేసి మళ్లీ పూయొచ్చు. రెండే ఆకులుంటే ఆశపడకుండా మొదలంటా కోసేయి. అక్టోబరులో హీటరు ఎక్కువ పెట్టకుండా కిటికీ పక్కన ఉంచితే చలి దానంతటదే అందుతుంది. జనవరిలో మాత్రం ఆకు అద్దానికి తగలకుండా నాలుగు వేళ్లు ఇవతలికి జరుపు. మీ దగ్గర ఆ అద్దం మంచుగడ్డలా ఉంటుంది.