మొరం తవ్విన జాగలో ఒక మూల చిట్టడివి, ఇంకో మూల బోడినేల: ఎందుకిలా?

మీ ప్రశ్న చదవగానే మా చెల్క (ఎర్రనేల మెట్టపొలం) గుర్తొచ్చింది. రోడ్డు కోసం మొరం తవ్వి పదేళ్ల కింద వదిలేసిన జాగలో ఒక మూలంతా తంగేడు, రేగు, వేప పెరిగి చిట్టడివి అయ్యిందనీ, యాభై అడుగులు ఇవతలికి వస్తే గడ్డిపోచ కూడా లేదనీ, పడే వాన ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకనీ అడిగారు. మొక్కలు నాటాలా, చెరువు మట్టి పోస్తే సరిపోతుందా అని కూడా అడిగారు. నేను వ్యవసాయ శాస్త్రం చదవలేదు, హనుమకొండలో హార్డ్‌వేర్ షాపు నడుపుకుంటాను. కానీ అచ్చం ఇవే తిప్పలు పడి, రెండుసార్లు డబ్బులు మట్టిలో పోసి, మూడోసారి కాస్త తెలివి తెచ్చుకున్నవాణ్ని.

ముందే చెప్తున్నా, విత్తనాల గురించి టెన్షన్ పడకండి. అవి ఎట్లాగూ వస్తాయి. జిల్లేడు దూది గాలికి ఎగిరొస్తుంది, వేపగింజలు కాకులూ గోరింకలూ తెచ్చి వేస్తాయి, తుమ్మకాయలూ రేగుపండ్లూ మేకలు తిని వాటి గింజలు పెంటికల్లో వదిలిపోతాయి. వచ్చిపడిన గింజను ఆ నేల బతకనిస్తుందా లేదా, అసలు లెక్కంతా అక్కడే ఉంది.

మా సంగతి చెప్తాను. ములుగు రోడ్డుకు లోపలికి ఉన్న మా ఊళ్లో ఎకరం పది గుంటల చెల్క ఉంది మాకు. 2014లో రోడ్డు పని పట్టిన ఒక కాంట్రాక్టర్ వచ్చి, మొరం తీసుకుంటాం, పైమట్టి పక్కన కుప్ప పెట్టి పని అయిపోయాక మళ్లీ పరిచి ఇస్తాం అన్నాడు. నాన్న నోటిమాట మీద ఒప్పుకున్నాడు. ఆరేడు అడుగుల లోతు తవ్వారు. పైమట్టిలో సగం ఇటుక బట్టీకి పోయిందని తర్వాత తెలిసింది, మిగిలిన సగం తూర్పు గట్టు వెంబడి పొడుగాటి కుప్పగా వదిలేసి పోయారు. కాగితం లేదు కాబట్టి అడిగే దిక్కూ లేదు. నాన్న రెండేళ్లు అటువైపే పోలేదు.

మొదటి వానాకాలానికే ఆ కుప్ప పచ్చబడింది. తంటెం, గరిక, వెంపలి, నాకు పేర్లు తెలియని తీగలు. నడుమ తవ్విన భాగం మాత్రం ఇటుకపొడి చల్లినట్టు ఎర్రగా అట్లాగే ఉంది. ఇందులో వింతేం లేదు. నేలలో నిద్రపోతూ ఉండే గింజల్లో ఎక్కువ భాగం పై రెండు మూడు అంగుళాల్లోనే ఉంటాయి. కుళ్లిన ఆకు, వానపాములు, పప్పుజాతి మొక్కల వేర్లకు బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా, వేర్లను పట్టుకుని బతికే బూజులు, అన్నీ ఆ పైపొరలోనే. అంగుళం పైమట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది, జేసీబీకి ఒక పూట చాలు. ఆ పొర పోయాక మిగిలిన మొరం అంటే ఎండకూ వానకూ చివికి పొడిపొడిగా మారిన గ్రానైట్ రాయి, అంతే. ఒకసారి రెండు చోట్ల నుంచీ మట్టి తీసి భూసార పరీక్షకు ఇచ్చాను. ఆర్గానిక్ కార్బన్, అంటే కుళ్లిన ఆకూ వేరూ నేలలో వదిలే సారం, అర శాతానికి తగ్గితే రిపోర్టులో 'తక్కువ' అని రాస్తారు. మా కుప్ప మట్టికి 0.6 వచ్చింది, తవ్విన గుంత అడుగున 0.1. పీహెచ్ రెండింటికీ ఒకటే, ఆరున్నర దగ్గర. అంటే మొరంలో విషమేం లేదు, తిండే లేదు.

అమ్మ ఈ తేడాను ఏ రిపోర్టూ లేకుండానే పట్టేసింది. బతుకమ్మ పూలకు అటు పోయినప్పుడు తంగేడు గుంత అంచుల్లో, మొరం తేలిన చోట తెంపేది, గునుగు మాత్రం ఆ మట్టికుప్ప మీదే దొరికేది. గునుగు దున్నిన చెల్కల్లో కలుపుగా వచ్చే మొక్క, దానికి వదులు మట్టి కావాలి. తంగేడు రాళ్ల సందులో కూడా సర్దుకుంటుంది. కాబట్టి మీ చిట్టడివి మూలలో గునుగు, తంటెం కనిపిస్తే అక్కడ పైమట్టి ఎంతో కొంత మిగిలిందనే అనుకోండి, బహుశా మీ దగ్గర కూడా ఎవరో కుప్ప పోసి మర్చిపోయిన మూల అదే అయ్యుంటుంది. ఉత్త తంగేడు ఉంటే మట్టి లేదు కానీ వేరు దిగడానికి పగుళ్లు ఉన్నాయి. తుంగ మొలిస్తే నీళ్లు నిలుస్తున్నాయి. అసలేమీ లేకపోతే, నేను చూసినంతలో, నేల గట్టిపడి ఉంటుంది.

ఈ గట్టిపడటం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అందరూ ఎరువు గురించి అడుగుతారు గానీ దీని గురించి ఎవరూ అడగరు. లోడుతో పాతిక టన్నులు తూగే టిప్పర్లు నెలల తరబడి ఒకే దారిలో తిరిగితే కింద మొరం సిమెంటు గచ్చులా తయారవుతుంది. మా గుంతలో టైర్ల బాట ఇప్పటికీ పోల్చుకోవచ్చు, రెండు బోడి చారలు, మధ్యలో గడ్డి. ఇసుకపాలు ఎక్కువున్న నేలల్లో ఘన సెంటీమీటరు మట్టి బరువు 1.8 గ్రాములు దాటితే, బంకమట్టిలో అయితే దాదాపు ఒకటిన్నర దాటితేనే, వేర్లు లోపలికి పోలేవంటారు. మీకు లెక్కలు అక్కర్లేదు. మంచి వాన పడిన రెండో రోజు గడ్డపార తీసుకుని పోండి. చిట్టడివి మూలలో ఒకసారి, బోడినేలలో ఒకసారి, ఒకటే ఊపుతో వేయండి. ఒకచోట జానెడు దిగి, ఇంకోచోట ఠంగుమని చేతులు జిల్లుమంటే మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికినట్టు. మేం వేసినప్పుడు కుప్ప దగ్గర మూరెడు దిగింది, టైర్ల బాటలో రెండు వేళ్లు దిగలేదు. వరంగల్ వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, తక్కువేం కాదు, కానీ ఆ గచ్చు మీద పడ్డ నీరు పడ్డట్టే జారిపోయి పల్లంలో నిలుస్తుంది. మొలకకు అందేది ఏమీ ఉండదు.

ఇది తెలియక నేను చేసిన పనులు వినండి. 2016 వానాకాలంలో నర్సరీ నుంచి నూట ఇరవై మొక్కలు తెచ్చాను, వేప, కానుగ. కూలీలను పెట్టి అడుగున్నర గుంతలు తీయించి, మంచి ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపి నాటించాను. దసరా దాకా బ్రహ్మాండంగా ఉన్నాయి, ఫొటోలు తీసి అందరికీ పంపాను కూడా. మే నాటికి తొమ్మిది మిగిలాయి. చచ్చిన ఒక వేపమొక్కను పెకిలించి చూస్తే, వేర్లన్నీ గుంత గోడ దాకా పోయి, అక్కడి నుంచి పక్కకు మళ్లి, గుండ్రంగా నాలుగైదు చుట్లు చుట్టుకుని ఉన్నాయి. గోడలోకి ఒక్క వేరూ దూరలేదు. వానాకాలమంతా ఆ గుంతలో నీళ్లు నిలిచి సగం వేర్లు నల్లబడ్డాయి, ఎండాకాలంలో ఉన్న కాస్త మట్టీ ఎండిపోయింది. నాన్న ఆ చుట్టను చేతిలో తిప్పి చూసి, "గుంతల పెట్టినవా, కుండీల పెట్టినవా?" అన్నాడు. నాన్న అన్నదాంట్లో తప్పేం లేదు.

రెండో తప్పు చెరువు మట్టి. మిషన్ కాకతీయ కింద మా పక్క ఊరి చెరువు పూడిక తీస్తుంటే రైతులంతా ట్రాక్టర్లు కట్టి తోలుకున్నారు, నేనూ ఓ ముప్పై ట్రిప్పులు తోలించి గుంతలో ఒక భాగం మీద అర అడుగు మందాన పోయించాను. పొలాలకు అది బంగారమే. కానీ కింద గచ్చు, పైన నల్లటి బంకమట్టి, నీరు దిగే దారి లేదు. వానాకాలంలో బురద, కాలు పెడితే చెప్పు ఊడొచ్చేది, జనవరికల్లా అరచేయి పట్టేంత పగుళ్లు. తుంగ తప్ప ఇంకేమీ రాలేదు. పూడికమట్టిని తప్పుపట్టడం లేదు, ముందు అడుగు పగలగొట్టకుండా పోస్తే ఇంతే.

మూడోసారి, 2018లో, మొక్కలూ లేవు, బయటి మట్టీ లేదు, జేసీబీ ఒక్కటే. వాలుకు అడ్డంగా, రెండు రెండున్నర అడుగుల లోతు, ఐదారు అడుగులకు ఒక సాలు చొప్పున కొక్కెంతో చీల్పించాను. పెళ్లలు పెళ్లలుగా లేచింది. తూర్పు గట్టు కుప్పలోంచి పైమట్టి తెచ్చి అంతటా పరిస్తే పలచబడిపోతుందని, సాళ్లలో అక్కడక్కడ తట్టెడు చొప్పున వేసి వదిలేశాం. విత్తనాలకూ, సూక్ష్మజీవులకూ అది తోడు వేసినట్టు. ఆ ఏడాది సాళ్ల వెంబడే వెంపలి, తంటెం లేచాయి, పైనుంచి చూస్తే పచ్చగీతలు గీసినట్టు ఉండేది. వెంపలి పప్పుజాతిది, దాని వేర్ల బుడిపెల్లో నత్రజని చేరుతుంది, మొరం లాంటి నేలకు అదే పెద్ద సాయం. మూడో ఏట తంగేడు కమ్మింది. ఐదో ఏట తంగేడు పొదల కింద వేపమొలకలు కనిపించాయి, ఎవరూ నాటనివి. పొద మీద వాలిన పిట్టలు వేసినవే. ఒక పొద కింద లెక్కపెడితే పదకొండు ఉన్నాయి, పొద నీడ దాటిన చోట ఒక్కటీ లేదు. చీల్చకుండా వదిలిన టైర్ల బాటలో మాత్రం ఇప్పటికీ ఏం లేదు, అక్కడొక చెదపుట్ట లేచింది, దాని చుట్టూ పళ్లెమంత గడ్డి వచ్చింది. చెదలు కింది మట్టిని పైకి తెచ్చి పోస్తాయి కదా, మాకు జేసీబీ చేసిన పనే అవి చిన్నగా చేస్తున్నాయి.

ఇదంతా మొరం గుంత లెక్క. బొగ్గు గనుల దగ్గర వేరే. మా బావ భూపాలపల్లి ఓపెన్ కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు, అక్కడి ఓబీ (ఓవర్‌బర్డెన్, బొగ్గు మీద నుంచి తీసేసిన రాయీ మట్టీ) గుట్టలు ఎక్కి చూశాను. బొగ్గు కోసం పైనున్న ఇసుకరాయి, బంకమట్టి, అంతా తవ్వి గుట్టలుగా పోస్తారు. ఆ రాళ్లు పాతిక కోట్ల ఏళ్లకు పైబడ్డవి, వందడుగుల కింద నుంచి వచ్చిన దాంట్లో ఒక్క గింజ కూడా ఉండదు, అన్నీ బయటి నుంచి రావాల్సిందే. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి మేఘాలయ గనుల్లో లాగా యాసిడ్ నీళ్ల సమస్య అంతగా ఉండదు, అది నయం. గోలంతా వాలుతోనే. డంపర్ ఒంపినప్పుడు పెద్ద బండలు కిందికి దొర్లిపోతాయి, సన్నమట్టి పైనే ఆగుతుంది, వాన పడితే ఆ సన్నమట్టి కోసుకుపోయి గండ్లు పడతాయి. మొలక వేరు పట్టేలోపు మట్టే కదిలిపోతుంది. అందుకే వాలు మీద బోడిగానూ, మెట్లుగా చదును చేసిన చోట, ఇంకా బండల వెనక నీడన పచ్చగానూ ఉంటుంది. కంపెనీ వాళ్లు సుబాబుల్, జామాయిల్ లాంటివి నాటిన గుట్టలు దూరం నుంచి పచ్చగా కనిపిస్తాయి, కానీ చెట్ల కింద ఏం మొలుస్తుందో చూస్తేనే నేల కోలుకుందో లేదో తెలుస్తుంది. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలయితే అసలు మట్టే ఉండదు, బండ పగుళ్లలో రావి తప్ప ఏం చూస్తారు.

విత్తన బంతులు విసరమని ఎవరో ఒకరు కింద రాస్తారు, తప్పకుండా రాస్తారు. మేమూ విసిరాం, స్కూలు పిల్లలతో కలిసి, సరదాగానే గడిచింది. మొదటి గట్టివానకు బంతులన్నీ గచ్చు మీద నుంచి పల్లంలోకి కొట్టుకుపోయి ఒకేచోట మొలిచి చచ్చాయి. చీల్చిన నేలలో అయితే వేయండి, తంగేడు, సీతాఫలం, మోదుగ గింజలు, అన్నీ మన దగ్గరివే.

సర్కారు తుమ్మ గురించి కూడా అడగబోతారని తెలుసు. ఉంటే ఒకేసారి పీకించొద్దు, నరికితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది కాబట్టి వేరు మొదలుతో సహా తీయాలి, ఏటా కొన్ని చొప్పున తీసి ఆ ఖాళీలో ఇంకోటి నిలబడనివ్వాలి. అదొక్కటే కమ్మేస్తే కింద వేరేదేమీ రాదు. దాన్ని అడవి అని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది గానీ, బోడినేల కంటే నీడ నయం అని కూడా ఒప్పుకుంటాను.

మీరు చేయాల్సింది ఈ వానాకాలం గడ్డపారతో చూసుకోవడం, ఎక్కడ ఏం మొలిచిందో రాసి పెట్టుకోవడం, అంతే. చిట్టడివి మూలను ముట్టుకోవద్దు. అది మీ విత్తనాల గిడ్డంగి. చీల్పించడం మాత్రం వచ్చే మే నెలలో, మొరం ఎముకలా ఎండి ఉన్నప్పుడు పెట్టుకోండి, తడిగా ఉంటే కొక్కెం గీతలు గీసి పోతుంది తప్ప నేల పెళ్లలుగా పగలదు. పని అయ్యాక జేసీబీ డ్రైవర్ అలవాటు కొద్దీ, "సార్, మొత్తం చదును చేసి ఇస్తా, నీట్‌గా ఉంటది" అంటాడు. మాకు అట్లాగే పది నిమిషాల్లో రెండు సాళ్లు మళ్లీ తొక్కేశాడు, నేను టీ తాగడానికి పోయిన టైంలో. దగ్గరే నిలబడండి.