అన్నయ్య తాగుడు మాకు జబ్బుగా కనిపించడానికి ఎందుకంత కాలం పట్టింది?

మద్యం తాగేవాళ్లని సరదా మనుషులుగా, డ్రగ్స్ వాడేవాళ్లని నేరస్థులుగా ఎందుకు చూస్తారని ఒకరు నన్ను అడిగారు. చట్టం ఒకదాన్ని ఒప్పుకుని రెండోదాన్ని ఒప్పుకోకపోవడం ఒక కారణం. కానీ తాగేవాణ్ణి సరదా మనిషి అనేది కూడా కొన్నాళ్లే. మా ఇంట్లో చూశాను.

మా అన్నయ్య ఇరవై ఏళ్లు తాగాడు. మొదట్లో తను లేనిదే ఏ పార్టీలోనూ సందడి ఉండదనేవాళ్లు, వద్దన్నా గ్లాసు చేతిలో పెట్టేవాళ్లు. తర్వాత పొద్దున్నే చేతులు వణకడం మొదలైంది, ఉద్యోగం పోయింది. అప్పుడు ఆ మనుషులే తాగుబోతు అన్నారు. ఈ రెండు మాటల మధ్య ఎన్నో ఏళ్లున్నాయి. ఆ ఏళ్లలో "ఒకసారి డాక్టర్‌కి చూపించుకుందాం" అన్నవాళ్లు ఒక్కరూ లేరు. నేనూ అనలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

పరువు పోతుందని వదినా నేనూ దాచాం. ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని చెప్పింది నేనే. చివరికి ఇంట్లోనే మాన్పిద్దామని ఉన్న సీసాలన్నీ పారబోశాం. రెండో రోజు రాత్రి అన్నయ్యకి ఫిట్స్ వచ్చాయి. ఆ తర్వాత లేని మనుషులతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చని ఆసుపత్రికి వెళ్లాకే తెలిసింది. మద్యం మెదడును మందగింపజేస్తుంది, దాన్ని తట్టుకోవడానికి మెదడు లోలోపల వేగం పెంచుకుంటుంది. మద్యం హఠాత్తుగా ఆగితే ఆ వేగానికి అడ్డు ఉండదు. మేమేమో రోషం ఉంటే మానేస్తాడనుకున్నాం. మీ ఇంట్లో ఎవరైనా ఈ స్థితిలో ఉంటే దయచేసి సొంతంగా ఆపించకండి, డాక్టర్ పర్యవేక్షణలోనే మాన్పించండి.

అదే వార్డులో మత్తు మాత్రలకు అలవాటుపడ్డ ఒక కుర్రాడు ఉండేవాడు. అన్నయ్యని చూడ్డానికి కనీసం బంధువులు వచ్చేవాళ్లు. ఆ అబ్బాయి తల్లి ఎవరికీ చెప్పకుండా, ఒంటరిగా వచ్చి వెళ్లేది. ఇద్దరికీ ఉన్నది వ్యసనమనే జబ్బే. అతనికి మాత్రం పోలీసుల భయం కూడా తోడైంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో మద్యం వల్ల 26 లక్షల మంది, డ్రగ్స్ వల్ల 6 లక్షల మంది చనిపోయారు. మద్యం తాగేవాళ్లే ఎక్కువ కాబట్టి, డ్రగ్స్ తక్కువ ప్రమాదమని దీనర్థం కాదు. మద్యాన్ని సరదాగా తీసుకోకూడదని మాత్రం తెలుస్తోంది. పోర్చుగల్‌లో 2001 నుంచి సొంత వాడకానికి కొద్దిగా డ్రగ్స్ దగ్గర పెట్టుకున్నవాళ్లని కోర్టుకి బదులు ఒక కమిషన్ ముందుకు పంపుతున్నారు, అవసరమైతే చికిత్సకు దారి చూపిస్తారు. అమ్మితే మాత్రం అక్కడా నేరమే. నాకు ఆ పద్ధతే సరైనదనిపిస్తుంది, ఆ తల్లిని చూశాక మరీను.

అన్నయ్య మధ్యలో ఒకసారి మళ్లీ తాగాడు. ఈసారి మేం ఎవరి దగ్గరా దాచలేదు. మర్నాడు పొద్దున్నే ముగ్గురం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లాం.