మాస్టారిని అడగండి: తాకట్టులో టీసీ

ప్రశ్న: మాస్టారూ, మా బాబు ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతి. ఆటో నడిపే మా ఆయన కాలు విరిగి నాలుగు నెలలుగా మంచం మీదే ఉన్నారు. రెండు టర్ముల ఫీజు కట్టలేకపోయాం. పరీక్ష రోజున బాబును వరండాలో నిలబెట్టారు. మాన్పించి ప్రభుత్వ బడిలో వేద్దామంటే, పదకొండు వేలు కడితేనే టీసీ అంటున్నారు. టీసీ లేనిదే చేర్చుకోనని ఇక్కడి హెడ్‌మాస్టరు. పది రోజులుగా వాడు నా మిషను పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతున్నాడు.
— ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ హుక్కుల డబ్బా పైన పెట్టేయండి. రేపు ఉదయం బాబును వెంటబెట్టుకుని ప్రభుత్వ బడికి వెళ్లండి, టీసీ లేకుండానే.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. అందులో 5వ సెక్షన్ మీ ఉత్తరం చదివి రాసినట్టే ఉంటుంది. ప్రభుత్వ బడికి మారతామంటే పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలి. అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం మానకూడదు, వాయిదా వేయకూడదు. ఆన్‌లైన్‌లో పేరు ఇంకా పాత బడిలోనే ఉందంటారేమో, అది వాళ్లూ మండల విద్యాశాఖాధికారీ తేల్చుకోవలసిన సంగతి.

తెల్లకాగితం మీద అర్జీ రెండు ప్రతులు రాసుకోండి. ఒకటి హెడ్‌మాస్టరుకు ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సంతకం అడగండి. చేర్చుకోం అంటే ఆ మాటే రాసిమ్మనండి. నేనూ ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాడినే. నోటితో ఎన్ని నిబంధనలైనా చెబుతాం, కాగితం మీద పెట్టమంటే మాకు పెన్ను దొరకదు.

ఈ చట్టం లేని రోజుల్లో, 1996లో, రికార్డు షీటు (చిన్న తరగతుల టీసీ) తెమ్మని ఒక పిల్లను గుమ్మంలోంచే పంపేశాను. మళ్లీ రాలేదు. రెండేళ్లకు మిరపకోత కూలీల ట్రాక్టరు మీద కనబడి, "నమస్కారం సార్" అని చెయ్యెత్తింది. నేను సైకిలు దిగి, గాలి తగ్గినట్టు చక్రం నొక్కి చూసుకున్నాను.

ఇక ఫీజు. బాకీ ఎగ్గొట్టమనను. గడువు అడగండి, నెలకు ఎంత కట్టగలరో రాసివ్వండి. అది పెద్దల మధ్య లెక్క. బంగారం తాకట్టు పెట్టుకుంటారు గానీ, పదేళ్లవాడి చదువును పెట్టుకుంటారా? వరండాలో నిలబెట్టడం వేరే తప్పు. 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఏ రోజు, ఏ పరీక్ష, ఎంతసేపు, ఎవరేమన్నారు, అన్నీ బాబు మాటల్లోనే రాసి మండల విద్యాశాఖాధికారికి ఇవ్వండి. మెరుగులు దిద్దకండి. అక్కడ కదలకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు పంపండి.

ప్రశ్న: మా మనవరాలికి ఆరేళ్లు నిండాయి. పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదు. బడిలో చేర్చుకుంటారా?
— ఒక తాతగారు, ఖమ్మం

జవాబు: చేర్చుకోవాలండి. అదే చట్టం 14వ సెక్షన్ ప్రకారం, వయసు రుజువు లేదని పిల్లను తిప్పి పంపకూడదు. అయినా సర్టిఫికెట్ కోసం ఇప్పుడే తిరగండి. మా పాత అడ్మిషన్ రిజిస్టరు తీస్తే సగం ఊరు జూన్ నెలలోనే పుట్టింది. ఆ ముహూర్తాలన్నీ మేము పెట్టినవే.