డాక్టరు ఆగమంటే అప్పుకు పరుగెందుకు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. నాన్నగారికి 61 ఏళ్ళు. రక్తపరీక్షల్లో తేడా కనిపిస్తే బోన్ మ్యారో టెస్ట్ చేసి స్మోల్డరింగ్ మైలోమా (ఎముకమజ్జలో వచ్చే మైలోమా క్యాన్సర్‌కు లక్షణాలు కనిపించని తొలిదశ) అన్నారు. ఇప్పుడు మందులు అక్కర్లేదు, మూడు నెలలకోసారి పరీక్షలకు రమ్మన్నారు. క్యాన్సర్‌ని అలా వదిలేస్తామా? కొబ్బరితోట తాకట్టు పెట్టి రెండు రూపాయల వడ్డీకి 8 లక్షలు తెచ్చి హైదరాబాద్‌లో వైద్యం మొదలుపెట్టిద్దామనుకుంటున్నాం. చేతిలో ఉన్న 3 లక్షలు తమ్ముడు రొయ్యల చెరువులో పెడతానంటున్నాడు.

జవాబు: తోట కాగితాలు బీరువాలోంచి తీయకండి. క్యాన్సర్ మాట చెవిన పడగానే నోటు రాసేసేవాళ్ళు ఎక్కువయ్యారు, మీ ఉత్తరం అందుకే ఎంచుకున్నాను. 8 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 16 వేలు, ఏడాదికి 1.92 లక్షలు. కొబ్బరి దింపు డబ్బులు వడ్డీకే పోతాయి. అదీ ఏ వైద్యానికి? డాక్టరు ఇప్పుడు అక్కర్లేదన్న వైద్యానికి!

ఆయన వదిలేయలేదు, కనిపెట్టి చూస్తున్నారు. ఈ దశలో ఉన్నవాళ్ళలో మొదటి ఐదేళ్ళూ ఏటా సుమారు 10 శాతం మందికే అది అసలు మైలోమాగా మారుతుంది. హైరిస్క్ అయితే, అంటే త్వరగా ముదిరే ప్రమాదం ఎక్కువుంటే, లెక్క వేరు. అలాంటివాళ్ళకు డారాటుమమాబ్ ఇంజెక్షన్ ముందే ఇస్తే జబ్బు ముదరడం ఆలస్యమవుతుందని 390 మందితో చేసిన అక్విలా ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. నాన్నగారు ఏ కోవలోకి వస్తారో హెమటాలజిస్టును (రక్తవ్యాధుల డాక్టరును) అడగండి, ఇంకో డాక్టరుకూ చూపించండి. దానికి తోట తాకట్టు పెట్టక్కర్లేదు. ఆ ట్రయల్‌లో ఇంజెక్షన్ మూడేళ్ళ దాకా ఇచ్చారు. ఒకవేళ మొదలుపెట్టాల్సి వచ్చినా, తొలి నెల నుంచే వడ్డీ కడుతూ అంతకాలం ఎలా లాగుతారు?

రక్తం తగ్గినా, కిడ్నీ దెబ్బతిన్నా, కాల్షియం పెరిగినా, ఎముక విరిగినా వైద్యం వాయిదా వేయకూడదు. ఆ వారం డబ్బు చేతిలో ఉండాలి. మీ 3 లక్షలు అందుకే. చెరువులో పోస్తే పట్టుబడి దాకా తిరిగిరావు, రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు తగిలితే అసలే రావు. తమ్ముడికి కుదరదని చెప్పేయండి. 50 వేలు సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది 50 వేల చొప్పున ఐదు ఎఫ్‌డీలు చేయండి. నాన్నగారి పేరు ముందుంటే సీనియర్ సిటిజన్ వడ్డీ వస్తుంది, రెండో పేరు మీది. గడువుకు ముందు తీయడానికి ఒక్కరి సంతకం చాలేలా బ్యాంకులో ఇప్పుడే రాసివ్వండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: మనిషి ఐసీయూలో, ఆయన సంతకం కోసం బ్యాంకు దగ్గర కొడుకు. ఆరు నెలల ఇంటి ఖర్చు, పరీక్షల ఖర్చు కలిపి ఎంతవుతుందో అంత జమయ్యేదాకా ప్రతి దింపులో కొంత ఇందులోనే వేయండి.

పాత హెల్త్ పాలసీ ఉంటే రెన్యువల్ గడువు దాటనివ్వకండి, జబ్బు దాచి కొత్తది కొనకండి. బియ్యం కార్డు ఉంటే ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం సంగతి ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. అప్పటికీ చాలకపోతే బ్యాంకులో గోల్డ్ లోన్ చూడండి. రెండు రూపాయల వడ్డీ మాత్రం అప్పుడూ వద్దు.