మేనల్లుడికి, మ్యానిఫోల్డ్ విప్పేముందు

చి॥ కార్తీక్‌కి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "వదినా, వాడు కారు ఇంజన్ మొత్తం ఊడదీస్తాడట, నువ్వైనా చెప్పవే" అని ఒకటే గోల. ఏడుపొక్కటే తక్కువ. ఏం ఊడదీస్తాడో అసలు సంగతి చెప్పమంటే నీ మెసేజ్ నాకు పంపించింది. నీ 1998 హోండా సివిక్ ఎల్ఎక్స్‌కి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల గుత్తి తీసేసి, జంక్‌యార్డ్‌లో దొరికే ఈఎక్స్ (అదే కారులో ఇంకో రకం)ది బిగిస్తావట. మీ అమ్మతో "అబ్బే, పైపైన పనే, భయం లేదు" అన్నాను. నీతో మాత్రం అలా అనను.

నాకు సంతోషంగానే ఉంది. ఎందుకంటే, మన ఇంట్లో స్పానర్ పట్టిన వాళ్లు లేరు. మీ నాన్న స్కూటర్ పంక్చరైతే తోసుకుంటూ వెళ్లి షాపు ముందు నిలబెట్టి, పక్కనున్న టీ కొట్లో కూర్చునే రకం. నేను కాకినాడలో మెకానికల్‌లో చేరినప్పుడు ఆడపిల్ల చేతికి ఆకురాయి ఏమిటని తాతయ్యని అడగని చుట్టం లేడు. నా తర్వాత ఎవరూ ఆ దారి తొక్కలేదు. నువ్వూ కంప్యూటర్ సైన్సే. అయినా నీకు ఈ బుద్ధి పుట్టింది.

ముందు లెక్క చూసుకో. నీ బండిలో ఉన్న ఇంజన్ డి16వై7, 106 హార్స్‌పవర్. ఈఎక్స్‌లో వచ్చేది డి16వై8, 127. రెండూ 1590 సీసీలే. తేడా 21 అంతా ఆ మ్యానిఫోల్డ్‌లోనే ఉందని నీ ఫ్రెండెవడో చెప్పి ఉంటాడు. అది నిజం కాదు. ఆ తేడాలో పెద్ద వాటా వీటెక్ హెడ్‌ది (హెడ్ అంటే సిలిండర్ల మీద కూర్చునే వాల్వ్‌ల భాగం, వీటెక్ అంటే వేగాన్ని బట్టి ఆ వాల్వ్‌లు తెరుచుకునే తీరు మార్చే ఏర్పాటు), దాని క్యామ్‌ది, అంటే వాల్వ్‌లని తెరిచే కడ్డీది. కంప్రెషన్ నిష్పత్తి (గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క) కూడా నీది 9.4, దానిది 9.6. హెడ్ మారదు, క్యామ్ మారదు కాబట్టి నీకు దక్కేది కొంచెమే, అదీ పై ఆర్పీఎంలో, అంటే ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు. ఆఫీసులో నేను ఏళ్ల తరబడి చూసిన పనే ఇది. వాల్వ్ మూసుకున్నప్పుడల్లా గొట్టంలో దూసుకొస్తున్న గాలి ఆగి, ఒత్తిడి అల ఒకటి వెనక్కి పోతుంది. ప్లీనం, అంటే గొట్టాలన్నీ కలిసే గాలి పెట్టె దాకా వెళ్లి తిరిగొస్తుంది. వాల్వ్ తెరుచుకుని ఉన్న వేళకి అది వచ్చి చేరితే, అమ్మ పక్కన కూర్చుని వడ్డిస్తే రెండు ముద్దలు ఎక్కువ తిన్నట్టు, సిలిండర్ కాస్త ఎక్కువ గాలి మింగుతుంది. గొట్టం పొడుగైతే అల ఆలస్యంగా వస్తుంది, తక్కువ ఆర్పీఎంకి కుదురుతుంది. పొట్టిదైతే ఎక్కువ ఆర్పీఎంకి. ఒకచోట పెంచితే ఇంకోచోట తగ్గుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా లాబ్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎవరు కొత్తగా వచ్చినా 1960 నాటి క్రైస్లర్ 300ఎఫ్ ఫోటో చూపించేవాడు. ఇంజన్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి అడ్డంగా పోయే 30 అంగుళాల ఇన్‌టేక్ గొట్టాలు. రేసుల కోసం అవే గొట్టాల లోపలి అడ్డుగోడ కొంత తీసేసి 15 అంగుళాల గొట్టాల్లా పని చేయించారు. బయటికి చూస్తే తేడా తెలియదు. టార్క్ (ఇంజన్ తిప్పే బలం) పై ఆర్పీఎంకి జరిగిపోయింది, అడుగున తగ్గింది. "ఏది వదులుకుంటున్నావో ముందు తెలుసుకో" అనేవాడు ఆయన. డెంటన్ నుంచి డాలస్‌కి ట్రాఫిక్‌లో పోయే నీకు ఏది ఎక్కువ కావాలో నువ్వే చూసుకో. అయినా చేస్తావని తెలుసు. చెయ్యి.

కొనేటప్పుడు 1996 నుంచి 2000 వరకు వచ్చిన ఈఎక్స్‌ది తీసుకో. డెల్ సోల్ ఎస్ఐ 1996, 1997 మోడళ్లలోనూ అదే ఇంజన్. థ్రాటిల్ బాడీతో (ఎక్సలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) సహా తీసుకుంటే మంచిది. డబ్బు ఇచ్చేముందు ఐడిల్ (ఎక్సలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) కంట్రోల్ వాల్వ్ ప్లగ్‌లో పిన్నులు ఎన్నో చూడు, నీ బండిలో వాల్వ్‌కి వచ్చే వైర్లు ఎన్నో చూడు. అక్కడ కుదరకపోతే ఇంటికి తెచ్చాక ఏడవాలి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. మీ ఫ్రెండ్ ఇంటి గరాజ్‌లో చేస్తామని రాశావు. ఆ గరాజ్‌లో వాటర్ హీటర్ ఉందా? టెక్సస్‌లో చాలా ఇళ్లకి అక్కడే ఉంటుంది. గ్యాస్‌దైతే లోపల చిన్న మంట రోజంతా వెలుగుతూ ఉండొచ్చు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. అందుకే ఇక్కడి రూల్స్‌లో గరాజ్‌లో ఆ మంట నేలకి 18 అంగుళాలు ఎత్తున ఉండాలంటారు. పాత ఇళ్లని నేను నమ్మను. తెనాలిలో మా వీధి చివర ఒక స్కూటర్ రిపేరు కొట్టు ఉండేది. పళ్లెంలో పెట్రోలు పోసి కార్బ్యురేటర్ కడుగుతుంటే ఎవరో బీడీ వెలిగించారు. ఆ కుర్రాడి చేతులు నేను చూశాను, అప్పుడు నాకు పదేళ్లు కూడా లేవు. కాబట్టి కారు బయట డ్రైవ్‌వేలోకి తొయ్యి. రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజన్ మీద, పొద్దున్నే మొదలుపెట్టు. బ్యాటరీ నెగటివ్ తీసెయ్యి. పెట్రోలు ట్యాంకు మూత తిప్పి వదులు చెయ్యి. ఫ్యూయల్ ఫిల్టర్ మీది బోల్టుని గుడ్డ కప్పి మెల్లగా, మెల్లగా వదులు చెయ్యి. ఆ లైన్లో 40 పీఎస్ఐ దాకా ఒత్తిడి నిలిచి ఉంటుంది, ఒక్కసారిగా తిప్పితే కళ్లలో కొడుతుంది. కళ్లద్దాలు పెట్టుకో. మంటలార్పే సిలిండర్ కొను, అద్దెకి కాదు, కొను. డబ్బులు నేను పంపుతాను.

కూలెంట్ దించు. గొట్టాలకి, వైర్లకి పేర్లు రాసి టేపు అంటించు. విప్పేముందు ఫోటోలు తియ్యి. టార్క్ రెంచ్ ఆటోజోన్‌లో డిపాజిట్ కడితే ఇస్తారు, తిరిగిస్తే డబ్బు తిరిగిస్తారు. మ్యానిఫోల్డ్ ఇంజన్ వెనక, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) వైపు ఉంటుంది. దాని కింది బ్రాకెట్ బోల్టులు కారు కిందికి దూరి తియ్యాలి. జాక్ ఒక్కదాన్ని నమ్మి దూరావంటే నేను టెక్సస్ వచ్చి మరీ తంతాను. స్టాండ్లు వెయ్యి.

ఇప్పుడు మీ మామయ్య సంగతి.

మాకూ ఇలాంటి సివిక్కే ఉండేది, సెకండ్ హ్యాండ్‌ది. మీ మామయ్యకి నీలాగే పురుగు తొలిచింది. నేను లాబ్‌లో రోజంతా చేసేది ఇదే పని కాబట్టి ఆదివారం కూడా అదే చెయ్యడానికి ఒప్పుకోలేదు. "నువ్వు కాఫీ ఇస్తే చాలు" అన్నారు ఆయన. మిషిగన్‌లో నవంబర్ నెల, అయిదున్నరకల్లా చీకటి. మ్యానిఫోల్డ్ తీశాక హెడ్‌లో నాలుగు రంధ్రాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటిలో నట్టు పడితే నేరుగా వాల్వ్ మీదికే. అది ఆయనకి తెలుసు. అందుకే బుద్ధిగా నా పాత నేత చీర చింపి నాలుగు ముక్కలు చేసి నాలుగింటిలో కుక్కారు. అక్కడిదాకా మెచ్చుకోవాలి.

పాత గాస్కెట్ (హెడ్‌కీ మ్యానిఫోల్డ్‌కీ మధ్య గాలి కారకుండా పెట్టే పొర) గీకుతూ గీకుతూ రాత్రయింది. గీకిన పొడి లోపలికి పోకూడదని గుడ్డలు ఇంకా లోపలికి నొక్కారు. చివరికి మూడు బయటికొచ్చాయి. నాలుగోది చీకట్లో చీకటి రంగు, కంటికి ఆనలేదు. మ్యానిఫోల్డ్ పెట్టారు, బిగించారు, తాళం తిప్పారు. స్టార్టయింది. బండి మొత్తం వణుకుతోంది. ప్లగ్ వైరు ఊడి ఉంటుందనుకుని అన్నీ తీసి పెట్టారు. ప్లగ్‌లు మార్చారు. అప్పటికీ ఆపలేదు చూడు, రేస్ చేస్తే సర్దుకుంటుందని ఎక్సలరేటర్ తొక్కారు. ఇన్‌టేక్‌లోంచి టప్ టప్‌మని పేలుతుంటే నేను వంటింట్లోంచి విని పరిగెత్తుకొచ్చాను. కంప్రెషన్ చూస్తే మూడో సిలిండర్‌లో పేరుకి కూడా లేదు.

మళ్లీ మ్యానిఫోల్డ్ విప్పాం. లోపల గుడ్డ లేదు. గుడ్డ లాంటిది కొంచెం వాల్వ్ అంచున ఇరుక్కుని ఉంది, మిగతాది లోపలికి పోయింది. హెడ్ దింపాక వాల్వ్ సీటు చుట్టూ మాడిన దారాలు, ఒకటి రెండు చోట్ల చిలకపచ్చ అంచు రంగు ఇంకా పోలేదు. నా చీర నాకు తెలియదా! హెడ్ గాస్కెట్, వాల్వ్‌లు, మెషిన్ షాపు బిల్లు కలిపితే మ్యానిఫోల్డ్ ధర దాని ముందు ఎంత! ఆ నెలలో ఇండియా టిక్కెట్లు కొనాల్సింది, కొనలేదు. ఆ సంక్రాంతికి తెనాలి వెళ్లలేదు. మీ నాన్నకి ఇప్పటికీ మేం సెలవు దొరక్క రాలేదనే తెలుసు. ఇది చదివి చెప్పెయ్యకు.

నేను తిట్టలేదు. ఆ రాత్రి ఆయన గరాజ్ మెట్ల మీద కూర్చుని చేతుల మసి చూసుకుంటూ ఉంటే తిట్టబుద్ధి కాలేదు. ఇప్పుడు పక్కన కూర్చుని "అది గుడ్డ కాదు, పేపర్ టవల్" అని వాదిస్తున్నారు. నమ్మకు.

అందుకని నువ్వు చెయ్యాల్సింది ఇది. నాలుగు గుడ్డలు తీసుకో, తెల్లవి కాకుండా ఎర్రగా కొట్టొచ్చినట్టు కనపడేవి. నాలుగింటి కొసలూ ఒకే పొడుగాటి దారానికి ముడెయ్యి. ఒకటి లాగితే మిగతావి వెంటే రావాలి. దారం కొస ఫెండర్ మీద టేపుతో అంటించు. లోపలికి నొక్కకు, నోటికి అడ్డంగా ఉంటే చాలు. హెడ్ అల్యూమినియం, ప్లాస్టిక్ గీకుడు పలకతోనే గీకు. డ్రిల్లుకి పెట్టే గరుకు బిళ్లలు వాడావంటే ఆ ఇసుక ఇంజన్‌లోకి పోతుంది. కొత్త మ్యానిఫోల్డ్ లోపల కూడా టార్చ్ వేసి చూడు, జంక్‌యార్డ్‌లో కందిరీగలు గూళ్లు కడతాయి.

గాస్కెట్ కొత్తది, ఇంజెక్టర్ల ఓ-రింగులు కొత్తవి, వాటికి చుక్క నూనె రాసి పెట్టు. నట్లు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, చివరికి 17 ఫుట్-పౌండ్లు. అంతకుమించి మగతనం చూపిస్తే స్టడ్ తెగుతుంది.

తాళం తిప్పేముందు ఎక్సలరేటర్ తొక్కి వదులు, థ్రాటిల్ టక్కున మూసుకోవాలి. బ్రేక్ బూస్టర్ గొట్టం పెట్టావో లేదో చేత్తో పట్టుకుని చూడు. అది మరిచిపోతే పెడల్ రాయిలా అవుతుంది, అదీ రోడ్డు మీదికి వెళ్లాకే తెలుస్తుంది. ఇంజన్ చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి, స్టార్టయ్యాక హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా కూలెంట్ పోస్తూ గాలి బయటికి పోనివ్వు. ఆర్పీఎం ఎక్కుతూ దిగుతూ ఊగితే ఎక్కడో గాలి లీకో, కూలెంట్‌లో మిగిలిన గాలో. నీ సివిక్ మ్యాప్ సెన్సర్ (మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది) చూసి పెట్రోలు కొలుస్తుంది కాబట్టి లీకుంటే అన్నిటికంటే ముందు ఐడిలే చెడుతుంది. కార్బ్ క్లీనర్ కొట్టి లీకు వెతకమని వీడియోల్లో చెప్తారు. వేడి ఎగ్జాస్ట్ అంత దగ్గర్లో పెట్టుకుని ఆ పని చెయ్యకు, సబ్బు నీళ్లు చాలు.

డెంటన్ కౌంటీలో పొగ పరీక్ష ఉంది కానీ 24 ఏళ్లు దాటిన కార్లకి అక్కర్లేదు, నీది దాటింది. కాబట్టి దాని గురించి దిగులు లేదు.

శనివారం నేను ఇంట్లోనే ఉంటాను. మా టైము నీకంటే గంట ముందు, ఎంత పొద్దున్నైనా ఫోన్ చెయ్యి. మ్యానిఫోల్డ్ బిగించేముందు వీడియో కాల్ పెట్టి ఆ నాలుగు రంధ్రాలూ టార్చ్ వేసి నాకు చూపించు. మీ మామయ్య కూడా చూస్తారట.

అత్తయ్య